ఏడో సొరంగం ఖాళీ గిన్నెలు

నమోదు 1. సూర్యుడు నడినెత్తిన.

మత్తు నిరోధక దళంలో చేరిన ప్రతి శిక్షణ ఎస్సై తన దినచర్యను నిజాయితీగా, హుందాగా, వేళాకోళం లేకుండా నమోదు చేయాలని నిబంధన. మొదటి రెండిటికీ హామీ ఇస్తున్నాను.

పేరు సత్యవేణి. చదువు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. ఉద్యోగం చంద్రుడి మీద, వెన్నెల్లంకలో. వెన్నెలనేది మచ్చుకైనా కనబడని చోటికి ఈ పేరు పెట్టిన పెద్దమనిషి ఎవరో తెలియదు గాని, గోదావరి జిల్లాల వాడై ఉంటాడు. ఇక్కడున్న వాళ్ళం దాదాపు అందరం అక్కణ్ణుంచి వచ్చినవాళ్ళమే. నేలను తవ్వి సొరంగాలు చేసుకుని, వాటిలో ఇళ్ళు కట్టుకుని, ఇంటిముందు ముగ్గు కూడా వేసుకుంటున్నాం. బరువు తక్కువ కాబట్టి ముగ్గుపిండి కింద పడటానికి కాస్త సమయం తీసుకుంటుంది. ఆలోగా మనసు మార్చుకుని వేరే ముగ్గు వెయ్యొచ్చు.

ఈరోజు డ్యూటీ ఏడో సొరంగం గేటు దగ్గర. స్కానర్ పట్టుకుని వచ్చేపోయే వాళ్ళ సంచులు, బూట్లు, టిఫిన్ క్యారియర్లు, ఒక పెద్దాయన కట్టుడుపళ్ళు తనిఖీ చేశాను. పళ్ళు నేను అడగలేదు. ఆయనే తీసి చేతిలో పెట్టాడు.

"చూసుకో తల్లీ. రేపు మళ్ళీ అనుమానం అనకూడదు," అన్నాడు. పళ్ళు లేకుండా అన్నాడు కాబట్టి ఈ వాక్యం కొంతవరకూ నా ఊహ.

మేం వెతుకుతున్న సరుకు పేరు నిమ్మళం. ఒక రకం పుట్టగొడుగు పొడి. చిటికెడు తింటే మనిషికి దిగులుండదు. భూమ్మీదైతే అదో వ్యసనం, అంతే. ఇక్కడ అలా కాదు. ఇక్కడ మమ్మల్ని బతికిస్తున్నదే దిగులు. తలుపు సీలు వదులైందేమో, గాలి పోతోందేమో అని కొంతమంది పొద్దస్తమానం బెంగపెట్టుకోబట్టే మిగతావాళ్ళం గురకపెట్టి నిద్రపోతున్నాం. సూర్యుడు రెండు వారాలు కాస్తాడు, రెండు వారాలు కనబడడు. పొద్దునా రాత్రీ మాకు గడియారమే చెప్పాలి. ఆయన దిగిపోగానే చలికి తలుపులు బిగుసుకుపోయి సీళ్ళ దగ్గర సందులు పడతాయి. అందుకని అస్తమయం లోపల బయటి తలుపులన్నీ చూసి సీళ్ళు బిగించాలి. గత అస్తమయానికి నాలుగో సొరంగంలో బిగించాల్సినాయన నిమ్మళం తిని "అదే సర్దుకుంటుంది" అని తలుపు పక్కనే చతికిలబడ్డాడు. ఇద్దరు ఇంకా ఆస్పత్రిలో ఉన్నారు.

మధ్యలో ఏడెనిమిది మూతగిన్నెలు కూడా వచ్చాయి. ఇరుగుపొరుగు ఇళ్ళకు వెళ్ళే కూరలూ పచ్చళ్ళూ. వాటిని రెండు చేతులా అందుకుని, స్కానర్ తగలకుండా పక్కనుంచి తీసుకెళ్ళి, అవతలి బల్లమీద జాగ్రత్తగా పెట్టాను.

దొరికిన నిమ్మళం: లేదు.

నమోదు 2. సూర్యుడు కాస్త వాలాడు.

డ్యూటీ అయ్యాక అక్క ఇంటికి వెళ్ళాను. అక్క కాపురం ఏడో సొరంగంలోనే. బావ త్రిమూర్తులు ఆ సొరంగానికి సీలు మేస్త్రీ. బయటి తలుపులన్నీ ఆయన చేతికింద పనివాళ్ళే బిగిస్తారు.

బావ గురించి దళానికి కొంత వివరంగా చెప్పాలి. ఈయన పెళ్ళిపీటల మీద కూర్చుని జీలకర్రబెల్లం పెట్టే ముందు మంటపం స్తంభం ఊపి చూసిన మనిషి. అన్నానికి కూర్చునే ముందు ఇంటి తలుపు సీలుకి అరచెయ్యి ఆనించి చూస్తాడు, తిన్నాక మళ్ళీ చూస్తాడు, మధ్యలో పెరుగు వడ్డించేలోపు ఇంకోసారి లేస్తాడు. పాప పుట్టినప్పుడు ఆస్పత్రి తలుపులు కూడా ఈయనే బిగించాడు. ఎవరూ అడగలేదు.

ఈరోజు నేను వెళ్ళేసరికి బావ కాళ్ళు చాపుకుని పాపకి గిలక ఆడిస్తున్నాడు. తలుపు సీలుకి కట్టిన కాగితప్పీలిక రెపరెపలాడుతోంది. గాలి బయటికి పోతుంటేనే అది కదులుతుంది.

"బావా, పీలిక చూశావా?"

"చూశాను. చక్కగా ఆడతా ఉంది కదా, పండగ తోరణంలాగ."

లేచి సీలు నేనే బిగించాను. పీలిక ఆగింది.

"అయ్యో, ఆపేశావేంటి వేణీ? పాప చూస్తంది," అన్నాడు బావ. కోపంగా కూడా కాదు. ఎంతో హాయిగా.

అక్క నా రెక్క పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"నెల రోజులబట్టీ ఇంతే. ముందు నేనూ సంతోషపడ్డానే, నా మొగుడు నెమ్మదించాడని. ఇప్పుడు నాకు నిద్ర పట్టట్లేదు. ఆయన భయం కూడా నేనే పడాల్సొత్తంది."

నేను ఏమీ అనకముందే మళ్ళీ అంది. "నువ్వు పోలీసువి. చెప్తే ఈయన్ని పట్టుకుంటారు. మత్తు తిన్న సీలు మేస్త్రీని తర్వాతి ఓడలో భూమికి పంపేస్తారు. నన్నూ పాపనీ పంపరు. పాపకి మూడేళ్ళొచ్చేదాకా ఓడెక్కించకూడదంట. చెప్పకపోతే ఏటవుద్దో నీకూ తెలుసు. చెప్పు మరి, ఏం చేస్తావు?"

శిక్షణలో ఇలాంటి ప్రశ్నకు జవాబు నేర్పలేదు. సిలబస్‌లో లేదని అక్కతో అన్నాను. అట్లకాడ తీసింది.

అస్తమయం లోపు సరుకు ఎక్కణ్ణుంచి వస్తోందో పట్టుకుని ఆపేస్తానని మాటిచ్చాను. సరుకు ఆగితే బావ దిగులు తిరిగి వస్తుంది. దిగులు తిరిగి వస్తే సీళ్ళు బిగుస్తాయి. కెమిస్ట్రీ ప్రకారం ఇందులో లోపం లేదు.

ఈ నమోదును ఈ వారానికి పై అధికారులకు సమర్పించడం లేదు.

నమోదు 3. సూర్యుడు ఇంకొంచెం కిందికి.

మా ఇన్‌స్పెక్టర్ కోటిలింగం గారు పుట్టగొడుగుల తోట మీద దాడి చేయించారు. తోటలో తినే పుట్టగొడుగులు తప్ప ఇంకేం లేవు. తోటవాళ్ళు బాధపడకుండా మా అందరికీ తలో పొట్లం కట్టి ఇచ్చారు. కోటిలింగం గారికి రెండు.

ఏడో సొరంగంలో పనివాళ్ళని చూసి వచ్చాను. పాతిక మందిలో సగానికి పైగా బయటి తలుపు ముందు కూర్చుని అంత్యాక్షరి ఆడుతున్నారు. బోల్టులు బిగించే పానాలు బల్లమీద వరసగా, శుభ్రంగా, చెయ్యి పడకుండా ఉన్నాయి. "ఇంకా చాలా టైముంది మేడం," అన్నాడొకడు. కిటికీలోంచి అతని మొహం మీద పడుతున్న ఎండ అప్పటికే ఏటవాలుగా ఉంది.

మధ్యాహ్నం అక్క ఇంట్లో భోజనం. బావ పెరుగన్నంలోకి చల్ల మిరపకాయ నంజుకున్నాడు. నేనొకటి తీసుకోబోతే అక్క అంది, "వద్దే, మండిపోద్ది. అవి ఆయనే తింటాడు. ఎవరో పాపం, ప్రతివారం గిన్నెలో పెట్టి పంపుతున్నారు."

"ఎవరు?"

"గిన్నె మీద 'పి. సూరయ్య, ఒకటో సొరంగం' అనుంది. ఆయనెవరో నాకు తెలీదు. మన గిన్నెలు మాత్రం మనింట్లో ఉన్నాయా ఏంటి?"

నిజమే. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ పేర్లు కొట్టించి పంచుకున్న స్టీలు గిన్నెలు ఏళ్ళ తరబడి ఇళ్ళు మారుతూనే ఉంటాయి. నా పేరున్న గిన్నె నేను చూసి రెండేళ్ళయింది.

చల్ల మిరపకాయ ఒకటి జేబులో వేసుకొచ్చి పరీక్ష చేశాను. పొట్ట చీల్చి, గింజలు తీసి, వాము బదులు నిమ్మళం కూరి, మజ్జిగలో ఊరబెట్టి, ఎండబెట్టి, వేయించారు. పనితనం చూసి ఒక నిమిషం మౌనం పాటించాను.

తర్వాత ఇంకో నిమిషం సిగ్గుపడ్డాను. ఆ గిన్నెల్ని స్కానర్ తగలకుండా గేటు దాటించింది నేను.

నమోదు 4. సూర్యుడు ఏటవాలుగా.

విషయం కోటిలింగం గారికి చెప్పాను. బావ పేరు చెప్పలేదు. "ఒక గృహస్థుడు" అన్నాను.

"అయితే గేటు దగ్గర గిన్నెలన్నీ మూతతీసి చూద్దామంటారా సార్?"

ఆయన కుర్చీలోంచి లేచారు. బరువు తక్కువ కాబట్టి అవసరమైన దానికంటే కొంచెం ఎక్కువే లేచారు.

"ఏమ్మా, చదువుకున్నదానివి. ఎవరింటికో ఎవరో పంపిన గిన్నె మూత మనం ఎత్తుతామా? ఊరు కట్టిన కొత్తలో ఒక గార్డు ఎత్తాడు. పులుసు. అంతే. ఊరంతా మూడ్రోజులు పని మానేసింది. గాలి మిషన్ వాళ్ళు కూడా. ఆ తర్వాతే ఇరుగుపొరుగు గిన్నె తెరవకూడదని చట్టం చేశారు."

గిన్నెని తెరవకుండా వెంబడిద్దామని ఆయనే ఉపాయం చెప్పారు. గేటు పక్క బల్లమీద గిన్నె పెడితే, అటు వెళ్ళేవాళ్ళు ఎవరో ఒకరు పట్టుకెళ్ళి తర్వాతి గేటు బల్లమీద పెడతారు. అలా చేతులు మారుతూ చేరాల్సిన చోటికి చేరుతుంది. తిరుగు గిన్నె మీద పేరు ఎవరూ చూడరు, అది వచ్చిన చేతుల మీదుగానే వెనక్కి వెళ్తుంది. అక్క ఇంటినుంచి తిరిగి వెళ్ళే గిన్నెని, ఏ ఇంటిదో చెప్పకుండా, గేటు బల్లమీద చూపించాను. దాని వెనకాల కోటిలింగం గారు మఫ్టీలో బయల్దేరారు. నిండు గిన్నె వచ్చాక ఖాళీగా తిప్పి పంపరు కదా. అక్క అందులో జంతికలు వేసింది. వాటి కింద బావ పెట్టిన ఆక్సిజన్ కూపన్లు ఉన్నాయి. అది సరుకు ధర.

సాయంత్రానికి ఆయన తిరిగొచ్చారు. గిన్నె తప్పిపోయింది.

"ఐదో సొరంగంలో ఒకావిడ గిన్నె పట్టుకుని ఇంట్లోకెళ్ళిందమ్మా. నేను గుమ్మంలో నిలబడ్డాను. నిలబెడతారా మరి? ఉప్మా పెట్టారు. తింటుంటే గిన్నెని వేరేవాళ్ళు తీసుకెళ్ళారు. మూడో సొరంగంలో మళ్ళీ కనబడింది. అక్కడ పెసరట్టు."

"వద్దనలేకపోయారా సార్?"

"అన్నాను. అంటే ఇంకోటి వేశారు."

నమోదు 5. సూర్యుడు అంచుకి దగ్గరగా.

ఉపాయం నాదే. పైకి అది ఉపాయంలా కనబడదు, మతిపోయినట్టు కనబడుతుంది.

"సార్, మనం గిన్నె తెరవకూడదు. వెంబడిస్తే పెసరట్లు పెడుతున్నారు. కాబట్టి పంపినవాళ్ళనే మన దగ్గరికి రప్పిద్దాం. ఏడో సొరంగంలో చల్ల మిరపకాయలొచ్చిన ఇళ్ళు పాతికని వాకబు చేశాను. ఆ ఇళ్ళనుంచి గిన్నెలు ఖాళీగా తిప్పి పంపిద్దాం."

కోటిలింగం గారు టోపీ తీసి బల్లమీద పెట్టారు.

"ఖాళీగా," అన్నారు చివరికి.

"కడిగి, తుడిచి, ఖాళీగా."

"ఒక పంచదార పలుకు కూడా లేకుండా?"

"చట్టంలో ఎక్కడా నేరం కాదు సార్. చూశాను."

"చట్టంలో ఎందుకుంటాదమ్మా. అలా చేసేవాళ్ళుంటారని చట్టం రాసినవాళ్ళకి తెలీదు."

ఆయన ఒప్పుకోవడం ఒక ఎత్తు, అక్క ఒప్పుకోవడం ఇంకో ఎత్తు. మొగుడు మత్తు తింటున్నాడని చెప్పినప్పుడు కూడా అక్క ఇంత తెల్లబోలేదు.

"ఖాళీ గిన్నె పంపితే నా మొహం ఎవరికి చూపించమంటావే? రేపు పాప పెళ్ళి చెయ్యొద్దా?"

"పాపకి ఎనిమిది నెలలక్కా."

"ఇలాంటివి జనం మర్చిపోరు."

"బావని ఓడెక్కిస్తే మర్చిపోతారా?"

అక్క గిన్నె కడిగింది. తుడిచింది. ఒక బెల్లం ముక్క వెయ్యబోయి, నా మొహం చూసి, తన నోట్లో వేసుకుంది. తర్వాత కొంగు బిగించుకుని పాతిక ఇళ్ళకీ వెళ్ళింది. ఏం చెప్పిందో నాకు తెలియదు. ప్రతి ఇంట్లోనూ నెలరోజులుగా నెమ్మదించిన మొగుడో, కొడుకో, తమ్ముడో ఉన్నాడు కాబట్టి ఎక్కువ చెప్పాల్సి వచ్చి ఉండదు.

గేటు బల్లమీద పాతిక గిన్నెలు వరసగా పెట్టాం. వాటిని ఎత్తిన వాళ్ళందరూ బరువు చూసి ఆగారు. మొహాలు మారాయి. ఒకాయన గిన్నెను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు. తర్వాత ఎవరైనా పోయినప్పుడు నడిచినట్టు తలవంచుకుని నడిచాడు.

నమోదు 6. సూర్యుడు అంచున ఆనాడు.

పొద్దున్నే స్టేషన్‌కి ఫిర్యాదు వచ్చింది. తెచ్చినావిడ మాణిక్యాంబ గారు.

ఈవిడ మా స్వాగత సంఘం అధ్యక్షురాలు. కొత్తగా ఓడ దిగిన ప్రతి కుటుంబానికీ హారతిచ్చి, పసుపుకుంకుమ పెట్టి, మొదటి భోజనం పెట్టేది ఈవిడే. నా నుదుటన కూడా ఈవిడే బొట్టుపెట్టింది. ఊళ్ళో అందరికంటే ఎక్కువ వంగి దణ్ణం పెట్టించుకునే మనిషి. ఈరోజు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రాత్రంతా నిద్రపోలేదని తెలుస్తోంది.

"కూర్చోండమ్మా," అన్నారు కోటిలింగం గారు లేచి నిలబడి. "ఏం జరిగింది?"

"ఏం జరగాలండీ ఇంకా. ఏడో సొరంగం వాళ్ళకి మనుషుల విలువ లేదండి. గిన్నెలు ఖాళీగా పంపారు."

"ఎవరి గిన్నెమ్మా?"

"ఒకటా ఏంటండీ, పాతిక. పాతికా ఖాళీయే. కడిగి మరీ పంపారు."

నేను కలం కింద పెట్టేశాను. కోటిలింగం గారు నావైపు చూడలేదు. మర్యాదగా, మెత్తగా అడిగారు.

"ఆ గిన్నెల మీద పేర్లు వేరువేరుగా ఉన్నాయి కదమ్మా. పంపినవాళ్ళు పాతిక మంది ఉంటారేమో అనుకున్నాం."

"పాతిక మందా?" ఆవిడకి నిజంగా బాధ కలిగింది. "ఈ ఊళ్ళో చల్ల మిరపకాయ పొట్ట పగలకుండా ఎండబెట్టేవాళ్ళు ఇంకెవరున్నారండీ? అన్నీ నా చేత్తో చేసినవే. మొన్న ఆ మేస్త్రీ త్రిమూర్తులుకి కాస్త పెద్దవి ఏరి పెట్టాను, చంటిపిల్ల తండ్రని. కూపన్లు పెట్టకపోతే మానె. ఒక్క జంతిక వేస్తే వాళ్ళ సొమ్మేం పోయిందండీ?"

కూపన్లు అన్న మాట ఆవిడకే ఒక క్షణం తర్వాత వినబడింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

కోటిలింగం గారు ఆవిడ ముందు కాఫీ పెట్టారు. తర్వాత నన్ను చూసి, "అమ్మని అరెస్టు చెయ్యమ్మా. కాఫీ అయ్యాక," అన్నారు.

ఆవిడ కాఫీ నెమ్మదిగా తాగింది. "నేను చేసిన తప్పేంటండీ," అంది గ్లాసు కింద పెడుతూ. "వీళ్ళందరూ భయంతో చచ్చిపోతున్నారు. నాలుగు రోజులు సుఖంగా ఉండనిచ్చాను."

"నాలుగో సొరంగంలో ఇద్దరు ఆస్పత్రిలో ఉన్నారమ్మా. వాళ్ళకి హారతిచ్చింది కూడా మీరే," అన్నారు కోటిలింగం గారు. ఆయన గొంతు పెంచడం నేను ఇంతవరకూ వినలేదు. ఇప్పుడూ పెంచలేదు. ఆవిడ మాత్రం తలెత్తలేదు.

స్వాగత సంఘం గదిలో హారతి పళ్ళేల వెనకాల పుట్టగొడుగుల అరలు దొరికాయి. సంఘం సభ్యులు పదకొండు మందీ ముఠా సభ్యులే. పట్టుకెళ్తుంటే వాళ్ళలో ఒకావిడ నన్ను ఆపి అడిగింది. "ఖాళీ గిన్నె ఆలోచన ఎవరిది?" నాదని చెప్పాను. "నీకు పుట్టింటివాళ్ళు ఏం నేర్పారమ్మా," అంది.

నమోదు 7. సూర్యుడు సగం దిగాడు.

నిన్నటినుంచి ఏడో సొరంగంలో ఎవరికీ సరుకు లేదు. పనివాళ్ళు వణుకుతున్నారు, చిరాకు పడుతున్నారు, తల పట్టుకుంటున్నారు. డాక్టరు ఒక్కొక్కరికీ మందిచ్చి పడుకోబెట్టాడు. పక్క సొరంగాల నుంచి మనుషుల్ని రప్పించాం గాని, ఈ తలుపుల సంగతి తెలిసింది ఒక్క బావకే.

బావ పొద్దున్నించీ గోడవైపు తిరిగి పడుకున్నాడు. అక్క పక్కన కూర్చుని నుదురు తుడుస్తోంది. నేను ఇనుప స్టూలు మీద కూర్చుని, ప్రభుత్వోద్యోగికి తగని విధంగా దేవుళ్ళందరినీ తలుచుకుంటున్నాను.

ఉన్నట్టుండి బావ లేచి కూర్చున్నాడు.

"సూర్యుడెక్కడున్నాడు?"

"సగం దిగిపోయాడు బావా."

ఆయన మొహం చూసి నాకు భయమేసింది. తర్వాత అర్థమైంది. అది ఆయన పాత మొహమే. నెల తర్వాత చూస్తున్నాను కదా, పోల్చుకోలేకపోయాను.

బావ చెప్పులేసుకోలేదు. పానా పట్టుకుని పరిగెత్తాడు. ఇక్కడ పరిగెత్తడమంటే సగం ఎగరడం. పడుకున్న పనివాళ్ళని రెక్క పట్టుకుని లేపాడు. "ఒరేయ్ సత్తిబాబూ, మూడో తలుపు కింది బోల్టు, అది ఎప్పుడూ మోసం చేస్తది. నువ్వు పైది చూడు. వేణీ, అలా నిలబడతావేంటి, దీపం పట్టుకో." లేచినవాళ్ళు లేచినట్టే పానాలు అందుకున్నారు. చేతులు వణుకుతున్నాయి, అయినా బిగిస్తున్నారు. ఒక్కొక్క తలుపు బిగించాక బావ దానికి అరచెయ్యి ఆనించి, చెంప ఆనించి, మళ్ళీ విప్పించి, మళ్ళీ బిగించాడు. నేనింత హాయిగా తిట్లు తిని చాలా రోజులైంది.

ఆఖరి తలుపు దగ్గరికి కోటిలింగం గారు వచ్చారు. బావ పానా కింద పెట్టి ఆయన ముందు నిలబడ్డాడు.

"అయ్యా, నేను కూడా తిన్నానండి. మాణిక్యాంబ గారు పంపినవే. మీరు ఏం చేసినా నాకు..." మధ్యలోనే తిరిగి తలుపు సీలుకి అరచెయ్యి ఆనించి చూశాడు.

కోటిలింగం గారు తలుపు చూశారు. బావని చూశారు. నావైపు తిరిగి, "ఆ గృహస్థుడు ఇతనేనా?" అన్నారు. నేను బల్ల కింద దూరడానికి బల్ల కోసం చూశాను.

"ఆర్నెల్లు వారానికోసారి డాక్టరు దగ్గర రక్తం ఇవ్వు. ఒక్కసారి తేడా వచ్చినా ఓడెక్కిస్తాను," అన్నారాయన బావతో. "నిన్ను ఇప్పుడే పంపేస్తే ఈ మూడో తలుపు బోల్టుని నమ్మేదెవరు?" తర్వాత నాతో, "నువ్వు ఏడాదిపాటు ఏడో సొరంగం గేటు డ్యూటీ," అన్నారు.

న్యాయమే.

నమోదు 8. సూర్యుడు లేడు.

చీకటి పడింది. చలి పట్టింది. తలుపులు మూలిగాయి. ఏ సందూ పడలేదు.

అందరం అక్క ఇంట్లో కూర్చున్నాం. పాప బావ ఒళ్ళో నిద్రపోయింది. బావ మాత్రం కిటికీలోంచి నల్లగా ఉన్న బయటికి చూస్తున్నాడు.

"వేణీ," అన్నాడు.

"ఏంటి బావా?"

"సూర్యుడు మళ్ళీ వస్తాడంటావా?"

"వస్తాడు. రెండు వారాల్లో."

"ఏమో. ఎవరు చూశారు?"

అక్క కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. అక్కడ నిలబడి, పైట నోటికి అడ్డం పెట్టుకుని, చాలాసేపు నవ్వింది. మధ్యలో కళ్ళు తుడుచుకుంది. ఇవతలికి వచ్చి మాత్రం, "అలా భయపడుతూ కూర్చోకపోతే కాస్త ఆ పాపని పడుకోబెట్టొచ్చు కదా," అని ఆయన్ని కసిరింది.

బావ లేవలేదు. పాపని పడుకోబెడితే చలేస్తుందేమోనని ఆయన భయం.